విదేశీ సైకిల్ యాత్ర: తొక్కేవారి ఖర్చు దాతలు భరించాలా?

ఎదురుగాలి:
మా సైకిల్ బృందం వచ్చే శీతాకాలంలో వియత్నాంలోని సైగాన్ నుంచి మెకాంగ్ డెల్టా మీదుగా కంబోడియాలోని ఆంగ్‌కోర్ వాట్ వరకు వెళ్లాలనుకుంటోంది. ఒక పిల్లల ఆస్పత్రికి నిధులు సేకరించాలని ఉద్దేశం. నిర్వాహకులు రెండు పద్ధతులు చెప్పారు. ఒకటి, ప్రయాణ ఖర్చు మేమే పెట్టుకుని, సేకరించినదంతా ఆస్పత్రికి ఇవ్వడం. రెండోది, తలా ఒక కనీస మొత్తం సేకరిస్తే అందులోంచే విమానం టికెట్లు, బస, వెంట వచ్చే వ్యాను ఖర్చు మినహాయించుకుని మిగిలినది ఆస్పత్రికి ఇవ్వడం. బృందంలో చాలామంది రెండోదే నయమంటున్నారు. నాకు మాత్రం మనసొప్పడం లేదు. మీరేమంటారు?

ముల్లుకంప:
ఇందులో ఆలోచించడానికి ఏముందండీ? రెండో పద్ధతి ఊరివాళ్ల సొమ్ముతో విహారయాత్ర. ఆంగ్‌కోర్ వాట్ చూడాలని ఉంటే హాయిగా చూసి రండి, ఎవరూ కాదనరు. మధ్యలో జబ్బుపడిన పిల్లలను ఎందుకు లాగుతారు? ఆ టికెట్ల డబ్బు నేరుగా ఆస్పత్రికి పంపండి.

నిదానం:
"నేరుగా పంపండి" అనడం తేలిక. యాత్రే లేకపోతే ఆ డబ్బు ఎవరి జేబులోంచీ బయటికి రాదు. ఒలివోలా, షఫీర్ అనే ఇద్దరు పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనం ఈ సంగతే చెప్పింది: వనభోజనంలాంటి సుఖమైన కార్యక్రమానికి కంటే, ఒళ్లు హూనమయ్యే పరుగులాంటి దానికి జనం ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడ్డారు. మనం చెమటోడిస్తేనే దాత చెయ్యి కదులుతుంది. మనిషి స్వభావం అంతే.

ముల్లుకంప:
చెమట ఇంటి ముందు రోడ్డు మీద కూడా పడుతుంది. దానికి పాస్‌పోర్టు అక్కర్లేదు.

పద్దుపుస్తకం:
ఈ గొడవ కొత్తది కాదు. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి లాస్ ఏంజెలిస్ వరకు ఏడు రోజుల ఎయిడ్స్ సైకిల్ యాత్ర 1994లో మొదలైంది. నడిపింది డాన్ పలోటాకు చెందిన లాభాపేక్ష గల కంపెనీ. ఆ కంపెనీ యాత్రల్లో ఖర్చులకే ఎక్కువ పోతోందన్న విమర్శ పెరిగి, చివరికి 2002లో అది మూతపడింది. అక్కడి సేవాసంస్థలు అదే దారిలో సొంత యాత్ర పెట్టుకున్నాయి. అది కూడా, ఖర్చులు పెరిగి, తొక్కేవారు తగ్గి, 2025తో ఆగింది. అంటే కంపెనీని తప్పించినంత మాత్రాన ఖర్చు ఎక్కడికీ పోదు.

మసాచుసెట్స్‌లో 1980 నుంచి జరుగుతున్న పాన్-మాస్ ఛాలెంజ్ అనే సైకిల్ యాత్ర వేరే దారి పట్టింది. తొక్కేవారు సేకరించిన ప్రతి డాలరూ 2007 నుంచి డానా-ఫార్బర్ క్యాన్సర్ సంస్థకే వెళుతోంది. నిర్వహణ ఖర్చును ప్రవేశ రుసుములు, ప్రాయోజక కంపెనీలు భరిస్తాయి. వాళ్లకది సాధ్యమైంది, అయితే వాళ్లు సముద్రాలు దాటడం లేదన్నది గుర్తుంచుకోండి.

ఇక బ్రిటన్‌లో పన్ను శాఖే ఈ తేడాను పట్టించుకుంటుంది. అక్కడ పన్ను కట్టే వ్యక్తి విరాళమిస్తే, గిఫ్ట్ ఎయిడ్ కింద సేవాసంస్థ ప్రతి పౌనుకు మరో 25 పెన్నీలు ప్రభుత్వం నుంచి రాబట్టుకోవచ్చు. యాత్ర ఖర్చును సంస్థే భరిస్తే, తొక్కే వ్యక్తి తల్లిదండ్రులో తోబుట్టువులో ఇచ్చిన సొమ్ముకు ఆ సదుపాయం సాధారణంగా దక్కదు. ప్రయాణం రూపంలో వాళ్ల మనిషికి ప్రతిఫలం ముట్టిందని లెక్క. ముల్లుకంప గారు కోపంగా అన్న మాటనే పన్ను అధికారి నెమ్మదిగా అంటాడు.

గేరుమార్పు:
నేను రెండో పద్ధతి మనిషిని. మొదటిదే న్యాయమంటే, టికెట్టు కొనగలిగినవాళ్లకే సేవ చేసే అర్హత ఉన్నట్టు. చాలీచాలని జీతంతో బతికే నర్సు సైకిల్ తొక్కగలదు, తోటివాళ్లను ఒప్పించి డబ్బు తేగలదు, విమానం టికెట్టు మాత్రం కొనలేదు. ఆమె తెచ్చిన మొత్తంలో కొంత ఖర్చుకు పోయినా మిగతాది ఆస్పత్రికి వచ్చినట్టే కదా. ఆమెను ఇంట్లో కూర్చోబెడితే సున్నా.

ముల్లుకంప:
నర్సు కోసమైతే సరే, నేను తగ్గుతాను. కానీ ఈ పద్ధతిని వాడుకునేవాళ్లంతా ఆ నర్సులాంటివాళ్లేనా? ఎదురుగాలి గారి బృందంలో టికెట్టు కొనలేనివాళ్లు ఎందరో ముందు చెప్పమనండి.

ఎదురుగాలి:
నిజం చెప్పాలంటే అందరూ కొనగలరు. అందుకే నాకు ఇబ్బందిగా ఉంది. టికెట్లు, బస ఎవరివి వాళ్లే పెట్టుకోవాలని ఈ వారం బృందంలో గట్టిగా అడుగుతాను. వ్యాను, మెకానిక్ సంగతే తేలడం లేదు. అవి బృందం మొత్తానివి. వాటినైనా విరాళాల్లోంచి తీసుకోవచ్చా?

పద్దుపుస్తకం:
తీసుకుంటే, విరాళం అడిగే సందేశంలో మొదటి వాక్యంలోనే రాయండి: వందలో ఎంత వ్యానుకు, ఎంత ఆస్పత్రికి. అది చదివి కూడా ఇచ్చేవాళ్ల డబ్బుతో వ్యాను నడపండి.

ముల్లుకంప:
మొదటి వాక్యంలోనే. అడుగున చిన్న అక్షరాల్లో కాదు.

నిదానం:
అలా రాస్తే విరాళాలు సగానికి పడిపోతాయి, చూస్తూ ఉండండి.

గేరుమార్పు:
పడనివ్వండి. అప్పుడు వ్యానును చిన్నది చేసుకుంటారు.