సాఫ్ట్‌బాల్ గ్రౌండ్‌లో పిల్లలకు దెబ్బలు తగలకుండా ఏం చేయాలి?

హైదరాబాద్‌లో గ్రౌండ్లు చూసుకునేవాళ్ళు, పీఈటీ సార్లు ఎవరైనా ఉంటే కాస్త సలహా ఇవ్వండి. ఉప్పల్ వైపు ఒక స్కూల్ గ్రౌండ్‌లో అమ్మాయిలకు సాఫ్ట్‌బాల్ నేర్పిస్తున్నాం.

నా భయమంతా బేస్‌ల (పరుగెత్తేవాళ్ళు తాకాల్సిన మెత్తల) చుట్టూ ఉన్న నేల గురించే. పిల్లలు స్లైడ్ చేసే (నేలమీద జారుతూ బేస్ చేరే) చోట, రెండో బేస్ ముందు గుంట పడింది. వాన పడితే నీళ్ళు నిలుస్తాయి, ఎండితే గుంట అంచు రాయిలా గట్టిపడుతుంది. మొన్న నేలమీద దొర్లుతూ వచ్చిన బంతి ఆ అంచుకు తగిలి లేచి, షార్ట్‌స్టాప్‌లో (రెండో, మూడో బేస్‌ల మధ్య) ఉన్న పాప పెదవి చిట్లింది. ఎర్రమట్టి పోసి, తడిపి, రోలర్ తిప్పాం. తర్వాతి వానకే కొట్టుకుపోయింది. ఇసుక, బంకమట్టి ఏ పాళ్ళలో కలిపితే నిలుస్తుంది? బంకమట్టి ఎక్కువైతే జారుతుందేమో!

ఇంకో సంగతి. మొదటి బేస్ దగ్గర ఢీకొనకుండా తెలుపు, నారింజ రంగుల జంట బేస్ వేద్దామనుకుంటున్నాం. ఫీల్డర్ తెలుపు మీద, రన్నర్ ఫౌల్ వైపు (గీత బయట) ఉన్న నారింజ మీద కాలు పెడతారు కాబట్టి ఇద్దరికీ క్షేమం. సిటీలో ఎక్కడ దొరుకుతుంది? స్లైడ్ చేసినప్పుడు ఊడొచ్చే రకం బేస్‌లు వాడినవాళ్ళుంటే అవి మన నేలలో ఎలా బిగించారో కూడా చెప్పండి. వచ్చే వారం మళ్ళీ ప్రాక్టీస్ మొదలుపెట్టాలి.