ఎండాకాలంలో చేతి స్కానరు విపరీతంగా వేడెక్కుతోంది, పరిష్కారం చెప్పగలరు

అనంతపురం శ్రోత:

పెద్దలందరికీ నమస్కారం. నాకు హ్యామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్సు ఉంది. మిద్దె మీద కూర్చుని 144–146 మెగాహెర్ట్జ్ బ్యాండును, అంతరిక్ష కేంద్రం మన మీదుగా వెళ్ళే సమయాల్లో 145.800ను చేతి స్కానరుపై (ఫ్రీక్వెన్సీలను వెతికి వినిపించే చిన్న రేడియో సెట్టు) వింటుంటాను. అందులో రీఛార్జబుల్ డబుల్-ఏ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు వాడుతున్నాను. ఎండలు ముదిరినప్పటి నుండి సెట్టు వెనుక భాగం చేత్తో పట్టుకోలేనంతగా కాలుతోంది. మధ్యాహ్నం వింటున్నప్పుడు తెర మొత్తం నల్లబడి అంకెలు కనిపించకుండా పోతున్నాయి, నీడకు తెస్తే కాసేపటికి మామూలవుతోంది. రాత్రిళ్ళు ఛార్జింగులో ఉంచే వింటాను. మా వీధిలో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. ఈ వేడికి ఫ్రీక్వెన్సీ కూడా పక్కకు జరుగుతుందా? కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే సరిపోతుందని ఒక మిత్రుడు అంటున్నాడు, అది మంచిదేనా?

కర్నూలు రిపేరరు:

ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. చల్లబడిన సెట్టును బయటి గాలిలోకి తీయగానే లోపలి బోర్డు మీద తేమ పడుతుంది, అది వేడి కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది.

వేడి ఎక్కడి నుండి వస్తోందో ముందు తేల్చుకోండి. సెల్లులన్నీ తీసేసి, అడాప్టరు మీద మాత్రమే అరగంట నడిపి, వెనుక భాగాన్ని తాకి చూడండి. అప్పుడు గోరువెచ్చగా మాత్రమే ఉంటే సెట్టులో లోపం లేనట్టే, వేడి ఛార్జింగు వల్ల వస్తున్నట్టే. సెల్లులు లేకపోయినా ఒక మూల మాత్రమే కాలుతుంటే రెగ్యులేటరునో (వోల్టేజీని అదుపు చేసే భాగం) ఆడియో ఐసీనో (శబ్దాన్ని పెంచే చిప్పు) అనుమానించాలి. పన్నెండు వోల్టులను నేరుగా తీసుకునే సెట్టయితే కారు నుండి నడిపేటప్పుడు ఈ మూల మరింత కాలుతుంది. ఎందుకంటే లీనియర్ రెగ్యులేటరు తనకు అక్కరలేని వోల్టేజీనంతా వేడిగానే వదిలేస్తుంది: 13.8 వోల్టులు ఇచ్చి 6 వోల్టులు వాడుకుంటూ 0.25 ఆంపియరు లాగితే దాదాపు 2 వాట్ల వేడి ఆ చిన్న డబ్బాలోనే మిగులుతుంది.

మీరు రాసిన దాన్ని బట్టి నా అనుమానం ఛార్జింగు మీదే. నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు నిండేదాకా కరెంటును దాచుకుంటుంది, నిండిన తరువాత ఇచ్చినదంతా వేడిగా మారుస్తుంది. చేతి స్కానర్లలో కొన్నింటికి సెల్లు నిండిందో లేదో చూసే తెలివి ఉండదు. ఇన్ని గంటలని టైమరు పెట్టుకుని ఛార్జ్ చేస్తాయి. అలాంటి సెట్లలో కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ టైమరు మళ్ళీ మొదటి నుండి మొదలయ్యే అవకాశం ఉంది కనుక, నిండిన సెల్లులకే రాత్రంతా కరెంటు ఎక్కుతూనే ఉంటుంది. మన ఊళ్ళలో చాలా సెట్ల సెల్లులు ఉబ్బి, కారి చెడిపోవడానికి ఇదే కారణమని నేను గట్టిగా నమ్ముతున్నాను. బయట విడి ఛార్జరులో, అది కూడా ఒక్కో సెల్లును వేరుగా గమనించి ఆపే ఛార్జరులో ఛార్జ్ చేసుకుని, వినేటప్పుడు అడాప్టరు వైరు తీసేయండి.

ఇంకొక జాగ్రత్త ముఖ్యం. మామూలు ఆల్కలైన్ సెల్లులు వేసినప్పుడు, సెట్టులో సెల్లు రకం ఎంచుకునే స్విచ్చు ఉంటే దాన్ని తప్పకుండా మార్చండి. వాటికి ఛార్జింగు ఎక్కితే కారిపోతాయి, పగిలినా పగలవచ్చు.

ఫ్రీక్వెన్సీ గురించి దిగులు అవసరం లేదు. పది లక్షలకు 2.5 వంతులు జరిగినా 145.800 దగ్గర అది సుమారు 360 హెర్ట్జే. అంతరిక్ష కేంద్రం వేగం వల్ల కలిగే డాప్లర్ మార్పే మూడు కిలోహెర్ట్జ్ దాటుతుంది.

కడప నుండి:

పైన అన్నగారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. తెర నల్లబడటం లోపలి వేడి వల్ల కాకపోవచ్చు. ఎండ నేరుగా తగిలితే తెరలోని ద్రవస్ఫటికం (ఎల్‌సీడీ) తన వేడి హద్దు దాటి నల్లబడుతుంది, చల్లబడితే తిరిగి వస్తుంది. రోళ్ళు పగిలే రోహిణి కార్తె ఎండలో పిట్టగోడ బండ మీద సెట్టు ఉంచితే పై నుండి ఎండ, కింద నుండి బండ సెగ రెండూ తగులుతాయి. మా ఇళ్ళలో కడప బండలు పొద్దు వాలిన తరువాత కూడా చాలాసేపు చుర్రుమంటూనే ఉంటాయి. సెట్టును చెక్క స్టాండు మీద నిలబెట్టి, వెనుక గాలి ఆడేలా చూడండి. తోలు కవరు తీసేయండి. యాంటెన్నాను కేబులుతో మిద్దె మీదికి తీసుకుపోయి, సెట్టును ఫ్యాను కింద గదిలో పెట్టుకోగలిగితే అంతకు మించినది లేదు. స్క్వెల్చ్ (సిగ్నలు లేనప్పుడు గరగర శబ్దాన్ని ఆపే అమరిక) తెరిచి ఉంచకండి, వెలుతురు అవసరం లేనప్పుడు లైటు ఆపండి.

అనంతపురం శ్రోత:

ఇద్దరికీ ధన్యవాదాలు. సెల్లులు తీసి నడిపి చూశాను, వెనుక భాగం గోరువెచ్చగానే ఉంది. ఉన్న సెల్లులనే విడి ఛార్జరులో వాడుకోవచ్చా, లేక కొత్తవి కొనాలా?

కర్నూలు రిపేరరు:

మంచి కబురు, సెట్టు బాగుంది. సెల్లులను బయటకు తీసి పరిశీలించండి. దేని మీదైనా పైపొర ముడతపడినా, చివర్లో తెల్లని పొడి కనిపించినా, అది మిగతా వాటికన్నా త్వరగా దిగిపోతున్నా సెట్టులోని సెల్లులన్నీ ఒకేసారి మార్చండి. పాతదీ కొత్తదీ కలిపితే బలహీనమైనదే మొదట వేడెక్కుతుంది. అవేవీ లేకపోతే వీటినే వాడవచ్చు, అయితే ఛార్జింగు మధ్యాహ్నం వద్దు, తెల్లవారుజామున గది చల్లగా ఉన్నప్పుడు పెట్టండి.