పోర్క్ లేకుండా షియావ్‌లాంగ్‌బావ్‌లో సూప్ నిలుస్తుందా?

అందరికీ నమస్తే, మేం షాంఘైలో ఉంటాం, వచ్చే నెల అమ్మావాళ్ళు వస్తున్నారు, ఇక్కడి నాన్‌షియాంగ్ స్టైల్ షియావ్‌లాంగ్‌బావ్ (లోపల కీమా, వేడి సూప్ ఉండే ఆవిరి కుడుములు) అమ్మకి ఎలాగైనా తినిపించాలని నాకు చాలా ఆశ, కానీ ఆవిడ పోర్క్ ముట్టుకోదు. బయట దాదాపు అన్నిట్లో పోర్కే, అందుకే ఇంట్లోనే చేద్దామని. లోపల సూప్ అంటే పంది చర్మం ఉడికించిన నీళ్ళు ఫ్రిజ్‌లో జెల్లీలా గడ్డకట్టించి, ముక్కలు కోసి కీమాలో కలుపుతారు కదా, ఆవిరికి అదే కరిగి సూప్ అవుతుంది. దాని బదులు చికెన్ కాళ్ళు ఉడికిస్తే అంత గట్టిగా గడ్డకడుతుందా? కిలోకి ఎన్ని నీళ్ళు, ఎంతసేపు? చైనా గ్రాస్ వేయమని ఒకరన్నారు గానీ అది కరగడానికే 85 డిగ్రీలు దాకా కావాలి, పైగా కాస్త చల్లారితే నోట్లోకి వెళ్ళేలోపే మళ్ళీ గడ్డకడుతుందేమో, నాకైతే నచ్చట్లేదు. ఇంకోటి, మైదా పిండి చన్నీళ్ళతో కలపాలా వేణ్ణీళ్ళతోనా, తీసేటప్పుడు అడుగు చిరగకూడదు. అల్లం తురుము, నల్ల వెనిగర్ రెడీగా ఉన్నాయి. చికెన్‌తో చేసినవాళ్ళుంటే కొలతలతో చెప్పండి ప్లీజ్.