ఎఫ్/16 పెట్టినా తూనీగ కన్ను షార్ప్‌గా రావట్లేదు, ఎందుకు?

ప్రశ్న: పొలం గట్ల మీద తూనీగలు, పెంకుపురుగులు తీస్తున్నాను. కానన్ ఏపీఎస్-సీ బాడీ, 24 మెగాపిక్సెల్, 100 మి.మీ. మాక్రో లెన్స్, ట్రైపాడ్ లేదు. డెప్త్ (షార్ప్‌గా వచ్చే మందం) చాలట్లేదని 1:1 (పురుగు అసలు సైజులోనే సెన్సర్ మీద పడే దూరం) దగ్గర ఎఫ్/16 (బాగా చిన్న అపర్చర్, అంటే లెన్స్ రంధ్రం) పెట్టి ఆటోఫోకస్‌తో తీస్తే కన్ను మెత్తగా వస్తోంది. ఫ్లాష్ వేస్తే పెంకుపురుగు వీపు మీద తెల్ల మచ్చ, వెనకంతా కటిక నలుపు. ఎక్కడ తప్పు జరుగుతోందండీ?

గట్టుచిలుక: ముందు ఎఫ్/16 మానేయండి. 1:1 దగ్గర అసలు అపర్చర్ మీరు పెట్టినదానికి రెట్టింపు, అంటే ఎఫ్/32. అక్కడ డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలోంచి వచ్చే వెలుతురు చెదరడం) వల్ల ఒక్కో చుక్క దాదాపు 0.04 మి.మీ. పరుచుకుంటుంది, మీ సెన్సర్ పిక్సెల్ 0.004 మి.మీ. కూడా ఉండదు. ఇక షార్ప్‌నెస్ ఎక్కడిది? ఎఫ్/8, మహా అయితే ఎఫ్/11.

ఎఫ్/11లో 1:1 దగ్గర డెప్త్ 0.9 మి.మీ. 1:2కి (సగం సైజుకి) వెనక్కి వస్తే 2.6 మి.మీ. పైగా 1:1లో ఫ్రేములో పట్టేది 22 మి.మీ. మాత్రమే, ఒళ్లంతా పట్టదు. పక్క నుంచి, సెన్సర్ ఒంటికి సమాంతరంగా ఉండేలా తీయండి. ఆటోఫోకస్ ఆపేసి, రింగు ముట్టుకోకుండా మీరే ముందుకీ వెనక్కీ కొద్దిగా ఊగుతూ కంటి మీద గళ్లు తేలిన క్షణంలో నాలుగైదు ఫ్రేములు నొక్కండి. నేల మీద నిలబెట్టిన వెదురు కర్రను లెన్స్‌తో కలిపి ఎడమ చేత్తో పట్టుకుంటే ఆ ఊగడం అదుపులో ఉంటుంది.

మెరుపుపెట్టె: ఆ తెల్ల మచ్చ మీ ఫ్లాష్ ప్రతిబింబమే. పెంకు అద్దంలాంటిది, దాని ముందు వెలుతురు ఎంత వెడల్పుగా ఉంటే మచ్చ అంత మెత్తబడుతుంది. ట్రేసింగ్ పేపర్ రెండు పొరలు, మధ్య 2-3 సెం.మీ. ఖాళీతో, లెన్స్ కొన దాటి ముందుకు వచ్చేలా కట్టండి. ఫ్లాష్‌ని మాన్యువల్‌లో పూర్తి పవర్‌లో 1/16 వంతుతో మొదలుపెట్టండి, షట్టర్ 1/200 సెకను. అంత తక్కువ పవర్‌లో మెరుపు నిడివి సెకనులో కొన్ని వేలవ వంతే, చేతి వణుకు కనబడదు.

నలుపుకి కారణం దూరం. 15 సెం.మీ.లోని పురుగుకి సరిపోయే వెలుతురు, 1.5 మీటర్ల అవతలి గడ్డికి వందో వంతే చేరుతుంది. వెనక పగటి వెలుతురు కూడా పడేలా ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం) 400-800కి పెంచి ఫ్లాష్ పవర్ తగ్గించండి, లేదా వెనక ఓ బెత్తెడు దూరంలో ఆకు ఉండే కోణం వెతకండి.

ఉదయపుమంచు: ఎండ తగిలి ఒళ్లు వేడెక్కేదాకా తూనీగ ఎగరలేదు, కాబట్టి సూర్యోదయానికి ముందే వెళ్లండి. గాలి లేకపోతే అప్పుడు స్టాకింగ్ (ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ తీసిన ఫ్రేముల్ని ఒకటిగా కలపడం) కూడా కుదురుతుంది. ఎండెక్కాక లేచిపోతే వెంటపడకండి. చాలా రకాలు మళ్లీ అదే పుల్ల మీద వాలతాయి. మీ నీడ దాని మీద పడనివ్వొద్దు. దయచేసి కదలకుండా ఉండాలని ఫ్రిజ్‌లో పెట్టడం లాంటివి మాత్రం చేయొద్దు.

ప్రశ్న అడిగినవారు: 1:2లో తీసి తలవరకూ క్రాప్ చేసుకుంటే చాలదా?

గట్టుచిలుక: 7 మి.మీ. తలకి 940 పిక్సెళ్లే దక్కుతాయండీ, ఫోన్ స్క్రీన్‌కి సరే, ప్రింట్‌కి చాలవు. తల కావాలంటే 1:1, ఎఫ్/8, తెల్లవారుజామున.