కష్టమైన నిర్ణయం ఎలా తీసుకున్నారో పిల్లలచేత నిజంగా రాయించడం ఎలా?

ప్రశ్న (అడిగినది: ఒక టీచర్)

11 ఏళ్లుగా 17, 18 ఏళ్ల పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. పోయిన వారం, మీరు తీసుకున్న ఒక కష్టమైన నిర్ణయం గురించి రాయండి అన్నాను. 34 కాగితాలు వచ్చాయి. దాదాపు అన్నీ ఒకే అచ్చు: రెండు దారులు కనిపించాయి, బాగా ఆలోచించాను, మంచిది ఎంచుకున్నాను. ఆ "బాగా ఆలోచించాను" దగ్గరే నాకు దిగులు పుట్టింది. ఏం ఆలోచించారు? ఎవరితో మాట్లాడారు? ఆ రాత్రి నిద్ర పట్టిందా? ఒక్క ముక్కా లేదు.

ఒక్క అబ్బాయి మాత్రం (వాడిని అడిగే ఇక్కడ రాస్తున్నాను) ఇష్టమైన కోర్సు వదులుకోవడం గురించి ఇలా రాశాడు: "నాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు, అందుకే సరేనన్నాను. కారణాలు తర్వాత వెతుక్కున్నాను."

వాళ్లది తప్పా ఒప్పా అని తేల్చడం నాకు అక్కర్లేదు. ఆ నిర్ణయం ఎలా పుట్టిందో వాళ్లకే కనిపించాలి. మిగతావాళ్లను అక్కడిదాకా ఎలా తీసుకెళ్లను?

జవాబు 1 (సైకాలజీ చెప్పే మాస్టారు)

మేడమ్, మీరు అయిపోయిన నిర్ణయం అడిగారు. చిక్కంతా అక్కడే ఉంది. ఫలితం తెలిశాక మన తీర్పు దానికి తగ్గట్టు మారిపోతుంది. 1988లో జొనాథన్ బేరన్, జాన్ హెర్షీ అనే పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో ఒక వైద్యుడి నిర్ణయం గురించి అందరికీ ఒకే సమాచారం ఇచ్చారు. రోగి చనిపోయాడని చెప్పినప్పుడు, బతికాడని చెప్పినప్పటికంటే అదే నిర్ణయానికి తక్కువ విలువ కట్టారు.

అందుకని నేను ఇంకా తేలని విషయమే రాయమంటాను. తేదీ, ఎటు మొగ్గుతున్నారు, దేనికి భయపడుతున్నారు, ఎవరి మాట చెవిలో మోగుతోంది, ఏం జరుగుతుందనుకుంటున్నారు. కవరులో పెట్టి అంటించి, మూడు నెలల తర్వాత వాళ్ల చేతికే ఇస్తాను. అప్పుడు సర్దిచెప్పుకోవడానికి వీలుండదు, రాత ఎదురుగా ఉంటుంది.

జవాబు 2

కవరుకు ముందు రెండు వరుసలు రాయించి చూడండి. 1772లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త జోసెఫ్ ప్రీస్ట్‌లీ ఒక కొలువు విషయంలో సలహా అడిగితే, ఏం చేయాలో చెప్పలేను గానీ ఎలా తేల్చుకోవాలో చెబుతానని అమెరికా నాయకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఉత్తరం రాశాడు. కాగితం మధ్య గీత గీసి, అటు అనుకూలాలు, ఇటు ప్రతికూలాలు మూడు నాలుగు రోజుల పాటు తోచినప్పుడల్లా రాసి, సమాన బరువున్నవి రెండు వైపులా కొట్టేయమన్నాడు. గీత అందరికీ గుర్తుంటుంది, ఆ మూడు నాలుగు రోజుల సంగతే మరిచిపోతారు! ఒక్క పీరియడ్‌లో రాయిస్తే పెద్దలకు నచ్చే కారణాలే వస్తాయి. అసలుది మూడో రోజున, ఇరుకు చోటులో, చిన్న అక్షరాలతో వచ్చి చేరుతుంది.

1838లో చార్లెస్ డార్విన్ పెళ్లి చేసుకోవాలా వద్దా అని ఇలాగే రాసుకున్నాడు. ముసలితనంలో తోడు ఒకవైపు, పుస్తకాలకు డబ్బు తగ్గుతుందన్న బెంగ ఇంకోవైపు. మరుసటి జనవరిలో పెళ్లి చేసుకున్నాడు. అంత పెద్ద శాస్త్రవేత్త అంత చిన్న బెంగను కూడా దాచుకోకుండా రాసుకున్నాడని మీ పిల్లలకు చెప్పండి.

జవాబు 3 (ఒక విద్యార్థిని)

టీచర్, దయచేసి మార్కులు వేయకండి. మాచేత ఒకసారి ఇలాంటిదే రాయించి, బాగున్నవి క్లాసులో పైకి చదివారు. నాది చదవలేదు. అయినా ఆ తర్వాత నేను ఏ కాగితం మీదా నిజం రాయలేదు. చూపించకపోయినా ఫర్వాలేదని ముందే చెబితే రాస్తాం.

మళ్లీ ప్రశ్న అడిగిన టీచర్

అమ్మాయీ, నీ మాటతోనే మొదలుపెట్టాను. మార్కుల్లేవని, ఏ కవరూ తెరవనని మొదటే చెప్పాను. నాలుగు రోజులు ఇచ్చాను. 31 కవర్లు చేతికొచ్చాయి, ముగ్గురు తమ దగ్గరే ఉంచుకుంటామన్నారు, సరేనన్నాను.

ముందు నాది బోర్డు మీద రాశాను: ఒంటరిగా ఉన్న అమ్మను నా దగ్గరికి తెచ్చుకోవాలా, నేనే అక్కడికి మారాలా. రెండో రోజుకు రెండు వరుసలూ నిండిపోయాయి. అప్పుడు వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి, "అమ్మమ్మగారిని అడిగారా టీచర్?" అంది.

అడగలేదు. ఆ ప్రశ్నను బోర్డు మీదే రాసి ఉంచాను. సాయంత్రం అమ్మకు ఫోన్ చేశాను.