అరిసెలు నూనెలో విడిపోతున్నాయి, ఏం చేయాలి?

మాది గుంటూరు బ్రాడీపేట. చికాగో వచ్చి నాలుగేళ్లు. సంక్రాంతికి వారం ముందే అమ్మ అరిసెలు వండేది, పక్కన కూర్చుని చెక్కతో నూనె నొక్కడం నా పని. ఇక్కడ కొన్న బియ్యప్పిండితో చేస్తే బాణలిలోనే విడిపోయాయి. ఏడుపొచ్చేసింది. మా పాపకి ఈసారైనా మన అరిసె తినిపించాలండీ.

జవాబు (విజయవాడ): పొడిపిండి పనికిరాదమ్మా. బియ్యం రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంపేసి, గుడ్డ మీద కాసేపు ఆరబెట్టు. తడి ఉండగానే మిక్సీ పట్టి జల్లించు. బెల్లం పాకం చుక్క నీళ్లలో వేస్తే మెత్తటి ఉండ కట్టాలి. లేతపాకమైతే విడిపోతాయి, ముదిరితే రాళ్లే.

జవాబు: అరిసెల సంగతే కాదండీ, మాకు భోగిపళ్లకి రేగిపళ్లు కూడా దొరకలేదు. ద్రాక్షపళ్లు, పూలరేకులు, చిల్లర కలిపి పోశాం. అత్తయ్యగారు వీడియోకాల్‌లో దిష్టి తీశారు.

అడిగినవారు: బియ్యం నానబెట్టేశాను పిన్నిగారూ. అరిసెల చెక్క పంపమని అమ్మకి చెప్పాను.