న్యూజెర్సీ స్కూల్ బస్సులో మా వాణ్ణి ఏడిపిస్తున్నారు, స్కూల్ కౌన్సెలర్ ఏమో "కాన్‌ఫ్లిక్ట్" అంటోంది, హెచ్ఐబీ (హరాస్‌మెంట్, ఇంటిమిడేషన్, బుల్లీయింగ్) ఫిర్యాదు వెయ్యాలా?

కరివేపాకు_అమ్మ
అందరికీ నమస్తే. మేం న్యూజెర్సీలో ఉంటాం, మా వాడు సిక్స్త్ గ్రేడ్. స్కూళ్ళు తెరిచిన దగ్గర్నుంచి బస్సులో ఇద్దరు పిల్లలు వీడి యాస వెక్కిరిస్తూ తల ఊపడం, లంచ్ బాక్స్ కనపడితే ముక్కు మూసుకోవడం, "కాల్ సెంటర్" అని పేరు పెట్టి పిలవడం. ఇప్పుడు బ్రెడ్ తప్ప ఏది కట్టినా వద్దంటున్నాడు, పొద్దున్న బస్సు టైముకి కడుపు నొప్పి అంటాడు. పోయిన వారం వీడు కూడా ఒకణ్ణి తోసేశాడంట, ఇంక అది పట్టుకుని కౌన్సెలర్ ఇది బుల్లీయింగ్ కాదండీ ఇద్దరి మధ్య కాన్‌ఫ్లిక్ట్, కూర్చోబెట్టి మాట్లాడిస్తాం అంటోంది. మా ఆయనేమో హెచ్1 మీద ఉన్నోళ్ళం మనకెందుకు గొడవ అంటారు. అసలు ఇక్కడ చట్టం ఏమంటుంది?

ఎడిసన్_బాబాయ్
ముందు ఆ వీసా భయం పక్కన పెట్టమ్మా, స్కూల్ కంప్లైంట్‌కీ ఇమిగ్రేషన్‌కీ లింకే లేదు. 2010లో ఇక్కడి రట్గర్స్ యూనివర్సిటీ స్టూడెంట్ టైలర్ క్లెమెంటీ తోటి స్టూడెంట్ వేధింపుల తర్వాత ఆత్మహత్య చేసుకున్నాక స్టేట్ అంతా అట్టుడికింది, 2011 జనవరిలో యాంటీ బుల్లీయింగ్ బిల్ ఆఫ్ రైట్స్ మీద గవర్నర్ సంతకం పడింది. ఇందులో పిల్లలు మామూలుగా కొట్టుకోవడం లెక్కలోకి రాదు, జాతి రంగు మతం పుట్టుక దేశం వైకల్యం ఇట్లాంటి ఏదో ఒక గుర్తింపుని పట్టుకుని ఏడిపించాలి, దానివల్ల పిల్లాడి చదువుకో స్కూల్ నడకకో దెబ్బ తగలాలి. ఒక్కసారి జరిగినా చాలు, స్కూల్ బస్సు అయితే చట్టంలోనే రాసుంది. యాస, తిండి, కాల్ సెంటర్ అంటే అది మన దేశాన్ని పట్టుకుని అన్నట్టు కాక ఇంకేంటి చెప్పు? నువ్వు ఫోన్‌లో "పిల్లలు ఏడిపిస్తున్నారండీ" అంటే వాళ్ళు కాన్‌ఫ్లిక్ట్ డబ్బాలో వేసేస్తారు. వాళ్ళన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు, తేదీలతో, నేషనల్ ఆరిజిన్ మీద హరాస్‌మెంట్ అని స్పష్టంగా రాసి ప్రిన్సిపాల్‌కి ఈమెయిల్ పెట్టు, హెచ్ఐబీ 338 ఫారం కూడా ఇవ్వమని అడుగు.

నిద్రలేని_నాన్న
బాబాయ్ గారు చెప్పింది కరెక్టే, గడువుల సంగతి నేను చెప్తా ఎందుకంటే పాప విషయంలో ఇదంతా తిరిగొచ్చాం. రిపోర్ట్ అందాక ఒక స్కూల్ డే లోపు విచారణ మొదలెట్టాలి, స్కూల్లో యాంటీ బుల్లీయింగ్ స్పెషలిస్ట్ అని ఒకరుంటారు వాళ్ళు చేస్తారు, 10 స్కూల్ డేస్ లోపు ముగించాలి, తర్వాత రిపోర్ట్ స్కూల్ డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్‌కి, ఆ తర్వాత స్కూల్ బోర్డ్‌కి వెళ్తుంది. బోర్డ్‌కి రిపోర్ట్ వెళ్ళాక 5 స్కూల్ డేస్‌లో మీకు లెటర్ రావాలి. నచ్చకపోతే 60 రోజుల్లోపు బోర్డ్ హియరింగ్ అడగొచ్చు.

కానీ ఆశలు మరీ పెట్టుకోకండి. ఎవిడెన్స్ లేదు అని మాకు లెటర్ వచ్చింది, బస్ కెమెరాలో మాటలు వినపడలేదంట 🙄 అవతలి పిల్లలకి ఏం శిక్ష వేశారో వివరాలు కూడా చెప్పరు, ప్రైవసీ అంటారు. అయినా రాతపూర్వకంగా పెట్టాకే సీట్లు మార్చారు, డ్రైవర్‌కి చెప్పారు, అది మాత్రం నోటి మాటతో అయ్యేది కాదు. కౌన్సెలర్ చెప్పే మీడియేషన్‌కి మాత్రం ఒప్పుకోకండి, ఏడ్చినోణ్ణీ ఏడిపించినోణ్ణీ ఎదురెదురు కూర్చోబెడితే మనోడే సారీ చెప్పి బయటికొస్తాడు.

ఫ్రిస్కో_పిల్ల
మా టెక్సాస్‌లో 2017లో డేవిడ్స్ లా వచ్చింది, కంప్లైంట్ అందిన మూడో వర్కింగ్ డే లోపు బాధిత పిల్లల పేరెంట్స్‌కి చెప్పాలి, ఇంట్లోంచి ఫోన్‌లో చేసే బుల్లీయింగ్ కూడా స్కూల్ పని దెబ్బతింటే కవర్ అవుతుంది. స్టేట్ స్టేట్‌కీ రూల్స్ వేరు, వాట్సాప్‌లో వేరే స్టేట్ వాళ్ళు పంపిన లెటర్ కాపీ కొట్టి పెట్టకండి అక్కా.

మలక్‌పేట_మాస్టారు
చదువుతుంటే కుళ్ళొస్తుందండీ. ఇక్కడ విద్యాహక్కు చట్టం 2009లో సెక్షన్ 17 ఉంది, కొట్టడం, మానసికంగా వేధించడం నిషేధం, కానీ అది ప్రధానంగా మా టీచర్లని ఉద్దేశించింది. పిల్లలు పిల్లల్ని ఏడిపిస్తే 1997 నాటి ర్యాగింగ్ చట్టం ఉన్నా స్కూల్ దాకా ఎవరూ తేరు, సీబీఎస్ఈ 2015లో స్కూళ్ళలో యాంటీ బుల్లీయింగ్ కమిటీలు పెట్టమంది, చాలాచోట్ల నోటీస్ బోర్డ్ మీద పేర్లే మిగిలాయి. 2009 చట్టం కింద లోకల్ అథారిటీకి ఫిర్యాదు ఇస్తే 3 నెలల్లో తేల్చాలి. 3 నెలలంటే ఇంచుమించు ఒక టర్మ్ అయిపోతుంది. కులం పేరుతో తిట్టుకోవడం రోజూ వింటాం, "పిల్లలు కదా సార్" అంటారు.

కరివేపాకు_అమ్మ
చాలా థాంక్స్ అందరికీ, మా ఆయనకి కూడా ఇది చూపించా, సరే రాయి అన్నారు. ఒక్క డౌట్, వీడు తోసిన సంగతి ఈమెయిల్‌లో రాయాలా వదిలెయ్యాలా?

నిద్రలేని_నాన్న
రాయండి. ఎలాగూ వాళ్ళ దగ్గర ఉంది, మీరు దాస్తే అదే పెద్దది చేస్తారు. ముందు వీళ్ళు ఏమన్నారు, ఎన్నాళ్ళుగా అన్నారు, ఆ తర్వాత వీడు తోశాడు, ఆ వరసలో రాయండి. తోసినందుకు వేరేగా కోడ్ ఆఫ్ కాండక్ట్ కింద ఏదో చిన్న శిక్ష పడొచ్చు, పడనీండి, రెండూ వేరు వేరు కేసులు అని ఈమెయిల్‌లోనే ఒక లైన్ పెట్టండి. సీసీలో సూపరింటెండెంట్‌ని కూడా పెట్టండి.